ఊరికే వచ్చిన కంపైలర్

జయకుమారి మద్రాసు నుంచి తెచ్చిన కంప్యూటర్ టేపును యలమందయ్యగారు చేత్తో ముట్టుకోలేదు. బల్లమీద ఉన్నదాన్నే కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఎవరిచ్చారమ్మా ఇది?"

"ట్రైనింగ్‌కి వెళ్లిన చోట కాపీ చేసుకోమన్నారు సార్. సి కంపైలర్. దాంతోపాటు ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఒకటి. సోర్సు, అంటే వాళ్లు రాసిన ప్రోగ్రాం వరసలతో సహా, అంతా ఇచ్చేశారు."

"ఎంతకి?"

"ఊరికే సార్. ఎవరైనా వాడుకోవచ్చంట, మార్చుకోవచ్చంట, ఇంకొకళ్లకి ఇవ్వచ్చంట."

"కంపైలర్ రాయాలంటే ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు కూర్చుని రాసినవాడు ఊరికే ఎందుకిస్తాడు?"

మద్రాసులో జయకుమారి కూడా అదే అడిగింది. వాళ్లు నవ్వారు తప్ప చెప్పలేదు.

అది 1989 ఫిబ్రవరి. గుంటూరు నుంచి నరసరావుపేట పోయే రోడ్డు మీద ఉన్న ఆ ఇంజినీరింగ్ కాలేజీలో యలమందయ్యగారు కంప్యూటర్ శాఖకు హెడ్డు. జయకుమారి మెషీన్ చూసుకునే ఉద్యోగి. ఒకే ఒక యూనిక్స్ మెషీన్, దానికి ఎనిమిది టెర్మినళ్లు. మనిషి రాసిన ప్రోగ్రామును మెషీనుకు తెలిసే భాషలోకి మార్చే కంపైలర్ దాంతోపాటే వచ్చింది కానీ అది పాతది. పిల్లలు ఒక్కో వరసే కనబడే ఎడిటర్‌లో గుడ్డివాళ్లు తడుముకున్నట్టు ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు. తెర నిండా కనబడే కొత్త ఎడిటర్ తయారుచేద్దామంటే పాత కంపైలర్ సగంలో చేతులెత్తేసేది. ముందు కొత్త కంపైలర్ కావాలి.

"మా తమ్ముడికి వినుకొండ దగ్గర పత్తి చేను ఉంది," అన్నారు యలమందయ్యగారు. "మూడేళ్ల కిందట ఒకాయన మోటారు సైకిల్ మీద వచ్చి ఒక మందు సీసా ఊరికే ఇచ్చిపోయాడు. ఎకరానికి కొట్టి చూడమన్నాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. మిగతా ఆరెకరాలకీ వాడి మందే తెచ్చాడు మావాడు. తెల్లదోమ పోలేదు, చేను పోయింది. ఊరికే వచ్చిందంటే నాకు ఆ సీసాయే కనపడుద్ది."

చివరికి ఒప్పుకున్నారు, షరతు మీద. మెషీన్లో ఉన్నదంతా ముందు వేరే టేపుల్లోకి ఎత్తాలి. పని జరిగినంతసేపూ ఆయన పక్కన కూర్చుంటారు.

కూర్చున్నారు కూడా. ముందు పాత కంపైలర్‌తో కొత్తదాన్ని తయారుచేయాలి. అలా వచ్చినదానితో దాన్నే మళ్లీ తయారుచేయాలి. ఆ రెండోదానితో ఇంకొకసారి. రెండోదీ మూడోదీ అక్షరం తేడా లేకుండా ఒక్కటే అయితే పని సరిగ్గా జరిగినట్టు. ఒక్కో విడతకు గంటలు పట్టేది. రెండుసార్లు కరెంటు పోయి మొదటికొచ్చింది. రోడ్డవతల కల్లాల్లో ఎండుమిరపకాయలు తిరగేస్తుంటే ఆ ఘాటు ఏసీ గదిలోకి కూడా వచ్చి ఇద్దరూ దగ్గేవాళ్లు. నాలుగో రోజున రెండూ సరిపోయాయని తెర మీద తేలింది.

"సరిపోయాయి సార్."

"ఒకే దొంగ రెండుసార్లు ఒకే మాట చెప్పినట్టు కాదా అది?"

"సోర్సు ఉంది కదా సార్. చదివి చూడండి."

మాట వరసకు అన్నది. ఆయన నిజంగానే కట్టలు కట్టలుగా ప్రింటు తీయించుకుని ఇంటికి తీసుకుపోయారు. పది రోజులు చదివారు. దొంగ కనపడలేదని మాత్రం అన్నారు. మంచిదని అనలేదు.

ఎడిటర్ తయారైంది. పిల్లలు టెర్మినళ్ల కోసం వరస కట్టారు. జయకుమారికి మొదటిసారి ఆ ఉద్యోగంలో తను చేసిన పని అంటూ ఒకటి కనిపించింది.

మార్చి ఆఖర్లో సెషనల్ మార్కులు తీసే ప్రోగ్రామును కూడా కొత్త కంపైలర్‌తో తయారుచేసింది. ప్రింటును ఒకటికి రెండుసార్లు చూసుకుంది. రోజూ కాలేజీకి వచ్చే అమ్మాయికి వేలల్లో మార్కులు కోసేసి ఉన్నాయి. అలాంటివి ఆ కాగితంలో ఎన్నో.

"నేను చెప్పలా?" అన్నారు యలమందయ్యగారు. ఆయన గొంతులో కోపం కన్నా తృప్తి ఎక్కువగా వినపడింది ఆమెకు. "తీసెయ్ దాన్ని. రేపటికి ఉండకూడదు."

తీసేసే ముందు ఒకసారి చూద్దామని కూర్చుంది. తప్పులు ముందే పట్టి చెప్పే ఏర్పాటు కొత్త కంపైలర్‌లో ఉంది. ఇంతవరకూ ఆమె దాన్ని వాడలేదు. వాడేసరికి ఒక వరస చూపించింది. అక్కడ విలువ ఇవ్వకుండానే ఒక పేరును వాడుతున్నారు, చూసుకోమని. హాజరు తగ్గినవాళ్లకు మూడు మార్కులు కోయాలి. ఆ కోతను దాచే చోటు అది. హాజరు తగ్గితే అందులో మూడు వేస్తుంది ప్రోగ్రాం. తగ్గకపోతే సున్నా వేయాలి. వేయడం లేదు. అక్కడ అంతకుముందు ఏముంటే అదే వాడుకుంటోంది.

పాత కంపైలర్‌తో పాత సంవత్సరాల జాబితాలు నడిపి చూసింది. అక్కడ వేలు లేవు, అన్నీ నమ్మేలాగే ఉన్నాయి. కానీ కొన్ని చోట్ల ముందు నంబరు వాడికి వేసిన మూడు మార్కుల కోత, ఏ తప్పూ లేని తర్వాతి నంబరుకు కూడా పడింది. ఎనభై ఏడులో నలభై మూడో నంబరు ఆ మూడు మార్కులతోనే తప్పాడు. పేరు మరియదాసు. ఆ ఏడాది మళ్లీ చదవమంటే చదవకుండా వెళ్లిపోయాడని రిజిస్టర్‌లో ఉంది.

కాగితాలు తీసుకుని యలమందయ్యగారి గదికి వెళ్లింది. ఆయన మొత్తం చదివారు.

"ఈ ప్రోగ్రాం రాసింది ఎవరో తెలుసా?"

"తెలుసు సార్."

"ఈ కుర్రాడు మీవాడా?"

జయకుమారి తండ్రి ఇమ్మానియేలు మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాడు. ఆ ప్రశ్నలో మీ అంటే ఎవరో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నాకు మొహం కూడా గుర్తులేదు సార్," అంది. "పేరు తీసేసి లెక్క చూడండి. మూడు మార్కులు అలాగే ఉంటాయి."

ఆయన కాగితాలు తన సొరుగులో పెట్టుకున్నారు. ఆమె బయటికి వచ్చి, ఇంకో ప్రతి తీసి సంచిలో వేసుకుంది.

మరునాడు పొద్దున ఆమె వచ్చేసరికి తాళం తీసి ఉంది. యలమందయ్యగారు మెషీన్ ముందు ఉన్నారు. పాత మార్కుల ఫైళ్లు ఉండే చోట తెర మీద ఏమీ లేదు.

"ఏం తీసేశారు సార్?" అంది. తన గొంతు అంత గట్టిగా రావడం ఆమెకే కొత్త.

ఆయన తల తిప్పి ఆమె సంచి వైపు చూశారు. "నీ దగ్గర ఇంకో ప్రతి ఉందని నాకు తెలుసమ్మా. నేను చెరిపేస్తానని ఉంచుకున్నావు. తప్పు లేదు." పక్కనున్న టేపు చూపించారు. "ఫైళ్లు ఇందులోకి ఎత్తాను. ఎవరూ చెయ్యి పెట్టకుండా." తర్వాత ఒక కాగితం ఇచ్చారు. ఆయన చేతిరాతే. నాలుగేళ్ల జాబితాలు నడిపితే తేలినవి పన్నెండు పేర్లు. "నీ కంపైలర్ మంచిదని అనట్లేదు నేను. నా ప్రోగ్రాం తప్పని అంటున్నాను."

శనివారం ఇద్దరూ బస్సెక్కి పిడుగురాళ్ల వెళ్లారు. మరియదాసు అక్కడ ఒక సున్నపు బట్టీ దగ్గర లారీల లోడు రాసుకుంటున్నాడు. కనుబొమల దాకా తెల్లగా ఉన్నాడు. వాళ్ల అమ్మ పుల్లమ్మ అక్కడే రాళ్లు మోస్తోంది. కొడుకు దగ్గరికి ఎవరో వచ్చారని తట్ట దించి వచ్చి నిలబడింది.

యలమందయ్యగారు నిలబడే చెప్పారు. తప్పు తనదని, ఇంకో పదకొండు మందికీ అలాగే జరిగిందని, ప్రిన్సిపాల్‌తో మాట్లాడానని, జూన్‌లో వచ్చి చేరవచ్చని. సంతకం పెట్టిన ఉత్తరం చాపారు. మరియదాసు తీసుకోలేదు.

"రెండేళ్ల కిందట నేను మీ గదికొచ్చి అడిగితే కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నారు సార్. ఇప్పుడెందుకు చెప్తోంది? మీకేం కావాలి నా దగ్గర?"

"ఏమీ వద్దు."

"ఏమీ వద్దనేవాళ్లని నేను చూళ్లేదు."

"తీసుకోరా," అంది పుల్లమ్మ.

"ఉండమ్మా." అతను జయకుమారి వైపు తిరిగాడు. "మేడమ్, ఆ ప్రోగ్రాం నాకు చూపిస్తారా? ఉత్తరం తర్వాత చూద్దాం."

సోమవారం కాలేజీకి వచ్చాడు. చొక్కా మారినా చెవుల వెనక సున్నం పోలేదు. జయకుమారి టేపులోంచి ఫైళ్లు ఎక్కించి కంపైలర్ నడపబోతే ఆగమని, ఆజ్ఞలు తనే కొట్టాడు. పాత కంపైలర్‌తోనూ కొత్తదానితోనూ నడిపాడు. సున్నా వేసి మళ్లీ నడిపాడు. అప్పటికీ నమ్మకుండా కాగితం అడిగి, తన ఆరు సబ్జెక్టులూ చేత్తో కూడుకున్నాడు. సరిపోయింది. కాగితం తిప్పి ఖాళీ వైపు పైకి పెట్టుకున్నాడు.

"మిగతా పదకొండు మంది ఎవరు?" అన్నాడు.

యలమందయ్యగారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, రిజిస్టర్‌లోంచి వాళ్ల మార్కులు చదవడం మొదలుపెట్టారు. మరియదాసు ఒక్కో అంకె రాసుకుని, తలెత్తి ఆయన చేతిలోని రిజిస్టర్‌లోకి తొంగి చూసి సరిచూసుకున్నాకే, తర్వాతిది చదవనిచ్చాడు.