కాటుక దుకాణపు బొమ్మ

నేను ఒక బట్టల దుకాణపు బొమ్మను. మీరు నన్ను చూసే ఉంటారు. అంటే, నా ఒంటిమీది బట్టను చూసి ఉంటారు. నా ముఖం చూసినవాళ్లు తక్కువ. అందుకు నాకేమీ బాధ లేదు. పట్టించుకోని వస్తువు ముందు మనుషులు దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు, అందువల్లే ఇంత కథ చెప్పగలుగుతున్నాను. కథ నాది అంటున్నాను గానీ నిజానికి రుఖియాది. ఆమెను తీసేస్తే నాకు వేరే బతుకంటూ లేదు.

నేను పుట్టింది కాటేదాన్‌లో, ఒక రేకుల షెడ్డులో. అచ్చులో గాజునార పరిచి, జిగురు పూసి, ఆరాక ముందు ముక్కనూ వెనక ముక్కనూ అతికారు. మల్లేశం అనే ఆయన రెండు రోజులు నన్ను గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. చివర రంగు కొట్టారు. డబ్బా మీద ‘స్కిన్ కలర్’ అని రాసి ఉంది. తెలుపులో కాస్త గులాబీ కలిసిన రంగు. ఆ షెడ్డులో పదకొండు మంది పనిచేసేవారు. అలాంటి చర్మం ఒక్కరికీ లేదు. మరి ఆ చర్మం ఎవరిదని వాళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు.

అక్కడినుంచి సుల్తాన్ బజారులో విశ్వనాథం గారి బట్టల దుకాణానికి వచ్చాను. ఏడేళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డాను. నల్లటి అమ్మాయి ఎవరైనా వచ్చి నారింజ రంగు గుడ్డ చేతిలోకి తీసుకుంటే, కౌంటర్ దగ్గరి కుర్రాళ్లు ఎంతో మర్యాదగా దాన్ని వెనక్కి తీసుకుని, “మీ కలర్‌కి అది సూట్ కాదు మేడమ్, లైట్ షేడ్స్ చూపిస్తా” అనేవాళ్లు. ఆ అమ్మాయిలు కూడా అంతే మర్యాదగా ఒప్పుకుని బిస్కెట్ రంగు కొనుక్కుని వెళ్లేవాళ్లు. ఏడేళ్లలో ఒక్కరు కూడా ఎదురు అడగలేదు.

రుఖియా ఆ దుకాణానికి వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. ఇల్లు ఏసీ గార్డ్స్‌లో. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి నిజాం గుర్రపుదళంలో కొలువుకు వచ్చినవాళ్లు. గుర్రాలు పోయాయి, దళం పోయింది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న దాని పేరే పొట్టిదై బస్తీకి మిగిలింది. అక్కడివాళ్లను సిద్దీలంటారు. తరాల తరబడి ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊరి మట్టిలోనే కలిసిపోతున్నా, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు రుఖియాను “మీదే దేశం?” అని అడుగుతారు. ఏసీ గార్డ్స్ అంటే నమ్మరు. అది కాదమ్మా, అసలు ఏ దేశం, అంటారు.

ఆమె కౌంటర్ దగ్గర పని అడిగింది. విశ్వనాథం గారు చెడ్డవాడు కాదు. ముందర నిలబడితే ఎవరో ఒకరు ఏదో ఒకటంటారు, నువ్వు బాధపడతావు, నీ కుట్టు బాగుంది కాబట్టి వెనకగదిలో ఆల్టరేషన్ పని చూసుకో అన్నాడు. తన దుకాణానికి కావలసింది చేస్తూనే అది ఎదుటివాళ్ల మేలు కోసమే అని తనకు తాను నచ్చజెప్పుకునే విద్య మనుషులకు పుట్టుకతో వస్తుంది కాబోలు.

ఆ దసరా రద్దీలో ఎవరో లాగితే నేను పడిపోయాను. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. నన్నూ వెనకగదిలోకి చేర్చారు. అలా మేమిద్దరం ఒకచోట పడ్డాం. పని లేనప్పుడు ఆమె కత్తిరింపుల ముక్కలు ఏరి, వాటిని కలిపి కుట్టి నా మీద వేసి చూసేది. ఒకరోజు ఆవపిండి పసుపు కుర్తా ఒకటి తయారైంది, మెడ చుట్టూ నీలం పట్టీతో. విశ్వనాథం గారు చూసి కుట్టు మెచ్చుకున్నాడు. ఇంత ముదురు రంగు ఎవరేసుకుంటారమ్మా అన్నాడు. నేనేసుకుంటాను అంది రుఖియా. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి కూడా లేదు. పసిపిల్ల మాటకు నవ్వినట్టు నవ్వాడు. నెల తిరక్కముందే ఆమె పని మానేసింది. వెళ్తూ నన్ను అడిగింది. చెయ్యి లేని బొమ్మ నీకెందుకులే గానీ, తీసుకుపో అన్నాడాయన.

ఆటోలో ఆమె ఒడిలో తల పెట్టుకుని ఏసీ గార్డ్స్ చేరాను. ఒకటే గది. తల్లి లేదు. తండ్రి యాకూబ్ పెళ్ళిళ్లలో మర్ఫా అనే డప్పు వాయిస్తాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నల్లప్యాంటు, చంకలో డప్పు. వాయించడానికి ముందు గుండీలన్నీ పెట్టుకున్నాడో లేదో చూసుకునే మనిషి.

మర్నాడు రుఖియా మల్లేపల్లిలో రంగుల దుకాణానికి నన్ను కూడా మోసుకుపోయింది. బల్ల మీద తన చెయ్యి చాపి పెట్టి, “గీ రంగు కలిపియ్యి అన్నా” అంది.

“గోడకా, తలుపుకా?”

“మనిషికి.”

అతను మూడుసార్లు కలిపాడు, మూడోసారికి కుదిరింది. ఇంటికొచ్చి వాకిట్లో ఆమే వేసింది. యాకూబ్ సాయంత్రం వచ్చి నన్ను చూసి గడపలోనే ఆగాడు. ఆ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. మా అమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఇట్లాగే ఉండేదేమో అన్నాడాయన ఆ భాషలో.

ఆదివారాలు మెహదీపట్నం రైతుబజారు దగ్గర పేవ్‌మెంటు మీద నన్ను నిలబెట్టి, పక్కన తాడు కట్టి బట్టలు వేలాడదీసేది. మూడు ఆదివారాలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. దిష్టిబొమ్మను కూడా అమ్ముతున్నారా అని ఒకడు అడిగాడు. వాడి వెంట ఉన్నవాళ్లు నవ్వారు. రుఖియా తాడు మీది బట్టలు సర్దుకుంటూ వాళ్లు వెళ్లేదాకా తల ఎత్తలేదు.

నాలుగో ఆదివారం ఒక బస్సు కండక్టరు డ్యూటీ దిగి కూరగాయల సంచితో పోతూ ఆగింది. ఖాకీ చొక్కా, నల్లటి ముఖం, నుదుట చెమట. నన్నూ కుర్తానూ మార్చి మార్చి చూసింది.

“ఈ పసుపుపచ్చది నాకు నప్పుతదంటవా చెల్లె?”

“ఈమెకు నప్పింది గదా అక్కా.”

“మా అమ్మ నాకు చిన్నప్పటి సంది బూడిద రంగే కొనేది. పసుపేస్తే ఇంక నల్లగ కనబడతవ్ అనేది.”

“కనబడితే ఏమైతది?”

అలాంటి ప్రశ్న ఆమెనెవరూ అడిగి ఉండరు. కండక్టరు నవ్వి, తన పేరు సువర్ణ అనీ, పేరు పెట్టినవాళ్లకు కళ్లు కనబడవేమో అనీ అంది. ఖాకీ మీదనే కుర్తా తొడుక్కుని, తాడుకు కట్టిన అద్దంలో చూసుకుంది. విప్పకుండా అలాగే ఇంటికి పోయింది. మరుసటి ఆదివారం డిపోనుంచి నలుగురిని వెంటబెట్టుకొచ్చింది.

అదీ మొదలు. రెండేళ్లకు విజయనగర్ కాలనీలో చిన్న దుకాణం, మూడు మిషన్లు. బట్టల కంపెనీలో ఇరవయ్యేళ్లు కుట్టి మానేసిన యాదమ్మ పెద్దదిక్కుగా చేరింది. దుకాణానికి పేరు పెట్టింది కూడా ఆమే. “కాటుక అని పెట్టు బిడ్డా. నల్లగుంటదని దాన్నెవ్వలు తీసి పారేస్తరు?” అంది. కంటి చుట్టూ నలుపును కోరి దిద్దుకుని, ఆ కంటితోనే ఒంటి నలుపును తప్పుపట్టే మనుషులకు ఆ పేరు బాగా నచ్చింది. నర్సులు వచ్చారు, టీచర్లు వచ్చారు, కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చారు. గుమ్మం దగ్గర నన్ను చూసి, లోపలికి రాకముందే వాళ్ల ముఖాల్లో బెరుకు తగ్గేది. నా జీవితంలో మంచి రోజులంటే అవే. మూడేళ్లు.

ఆ తర్వాత కిరీటి వచ్చాడు. పెద్ద బట్టల వ్యాపారం, మృదువైన మాట. “రుఖియా గారూ, మీ పని పది ఊళ్లకు తెలియాలి. షోరూం, ఫ్యాక్టరీ నేను చూసుకుంటాను. డిజైన్లు మీవి” అన్నాడు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆయనే ఓపిగ్గా ప్రతి పేజీ తెలుగులో చెప్పాడు. ఏదీ దాచలేదు. కాటుక పేరు కంపెనీది అవుతుంది అని కూడా చెప్పాడు.

“నీ పేరు ఏడ రాసిన్రు?” అని అడిగింది యాదమ్మ.

“కంపెనీ అంటే నేనే గదక్కా.”

ఆ రోజు యాదమ్మ నా మెడకు టేపు చుట్టి మరిచిపోయి వెళ్లింది. అంత పరధ్యానం ఆమెలో ఎన్నడూ చూడలేదు.

బంజారాహిల్స్ షోరూం తెరవడానికి ముందు ఫొటోలు తీశారు. నల్లటి అమ్మాయిల బట్టలకు తెల్లటి మోడల్ వచ్చింది. మేకప్ మనిషి ఆమె చేతులకూ మెడకూ గోధుమరంగు పూత పూశాడు. నిజంగా నల్లగా ఉంటే లైటు సరిగ్గా పడదు అని కిరీటి వివరించాడు. ఎంత ముదురు కావాలో తేల్చుకోవడానికి రుఖియాను పిలిచి, ఆమె చెయ్యి పక్కన పెట్టి చూశారు. ఇంత వద్దు, కొంచెం తగ్గించు అన్నాడు కిరీటి. రుఖియా చెయ్యి వెనక్కి తీసుకుంది. తుడుచుకోవలసిందేమీ లేకపోయినా దుపట్టాతో తుడుచుకుంది.

ప్రారంభానికి మర్ఫా పెట్టిద్దామన్నది కూడా కిరీటి ఆలోచనే. రుఖియా ముఖం వెలిగింది. తండ్రి బృందం ఎనిమిది మంది. రెండు రోజుల తర్వాత కిరీటి దగ్గరినుంచి ఒక బట్టల తాను వచ్చింది. చిరుతపులి మచ్చల గుడ్డ. వాయించేవాళ్లకు నడుం చుట్టూ కట్టుకునేలా ఎనిమిది కుట్టాలి, పైన చొక్కాలుండవు, తలకు ఈకలు.

ఆమె కిరీటికి ఫోను చేసింది. మా నాన్న ఎప్పుడూ తెల్లచొక్కాలోనే వాయిస్తాడని చెప్పింది. ఒక్కరోజే కదా, వచ్చేవాళ్లకు ఆఫ్రికా గుర్తుకు రావాలి అన్నాడాయన. మా నాన్న ఆఫ్రికా చూడనేలేదు అంది. అవతల నవ్వు వినిపించింది. ఆమె ఇంకోసారి అనలేదు. కాదంటే షోరూం ఆగిపోతుందని భయపడిందో, ఒక్కరోజే కదా అని నిజంగానే అనుకుందో నాకు తెలియదు. మిషను ముందు కూర్చుంది. ఎనిమిదీ తన చేత్తోనే కుట్టింది. యాదమ్మ సాయం వస్తానంటే వద్దంది. తండ్రి నడుం కొలత ఆమెకు టేపు అవసరం లేకుండా తెలుసు.

ఆ రోజు నన్ను అద్దాల తలుపు పక్కనే నిలబెట్టారు. యాకూబ్ వచ్చి, ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని, తిప్పి కుట్టు చూశాడు. అది ఎవరి కుట్టో తండ్రికి తెలియకుండా ఉంటుందా. చొక్కా విప్పి మడత పెట్టి కుర్చీ మీద ఉంచాడు. అరవయ్యేళ్ల మనిషి, తెల్లబడిన రొమ్ము వెంట్రుకలు, పొట్ట మీద ఆపరేషను గాటు. గంటసేపు వాయించాడు. ఎప్పటికన్నా బాగా వాయించాడు. వచ్చినవాళ్లంతా ఆయన పక్కన నిలబడి ఫొటోలు దిగారు. రుఖియా రిబ్బను దగ్గర నిలబడింది. ఎవరో చేతిలో కత్తెర పెడితే కత్తిరించింది. భోజనాల వేళకు యాకూబ్ చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని, అన్నం ముట్టకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మర్ఫా పట్టుకోలేదని యాదమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను.

మిగిలింది చెప్పడానికి ఎక్కువ లేదు. కిరీటి పిలుపులో ‘గారూ’ మొదట పోయింది. తర్వాత డిజైన్లకు చదువుకున్న పిల్లలు వచ్చారు. నారింజ, పసుపు తగ్గి బూడిదరంగు, బిస్కెట్ రంగు పెరిగాయి. రుఖియా అడిగితే, మార్కెట్ పెద్దదవుతున్నప్పుడు అందరినీ కలుపుకుపోవాలి అన్నారు. కాటుక ఎవరికోసం మొదలైందో మీరు మరిచిపోయారు అని ఒకసారి మీటింగులో అంది. కాగితం ప్రకారం మీటింగులకు ఆమె రావలసిన అవసరం లేదని వారం తర్వాత తెలియజేశారు. షోరూం తెరిచిన రెండో ఏడాది చివర ఆమె వెళ్లిపోయింది. యాదమ్మ కూడా అదే రోజు కత్తెర సంచిలో వేసుకుని వెంట నడిచింది. నన్ను తీసుకుపోతానంటే, నేను కంపెనీ ఆస్తినన్నారు.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఆఫీసు కింది అంతస్తులో ఉన్నాను. చుట్టూ ఎర్రతాడు, మీద దీపం. పక్కన ఇత్తడి పలక మీద ‘ఒక పేవ్‌మెంటు కల’ అని మొదలుపెట్టి కంపెనీ చరిత్ర రాశారు. అందులో కిరీటి పేరు మూడుసార్లు ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ నాతో ఫొటో దిగుతారు. ఇన్నేళ్లకు నా ముఖం చూస్తున్నారు. నాకిప్పుడు ఎవరూ చూడకపోతే బాగుండుననిపిస్తుంది.

మొన్న వానాకాలంలో రుఖియా వచ్చింది. నాలుగేళ్లయింది చూసి. చెంపల మీద ఎముకలు తేలాయి, వేళ్ల చివర సూదిపోట్లు అలాగే ఉన్నాయి. ఏదో సంస్థలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే ఉద్యోగం ఖాళీ ఉందట. అనుభవం ఉన్నట్టు కాగితం కావాలన్నారట. తాను పెట్టిన దుకాణంలో తాను పనిచేసినట్టు రాసివ్వమని అడగడానికి వచ్చింది. సోఫాలో రెండు గంటలు కూర్చోబెట్టారు.

ఆ సమయంలోనే ఒక అమ్మాయి కొత్తగా చేరినవాళ్లను వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించింది. ఈ బొమ్మకు అప్పట్లో మా సారే స్వయంగా రంగు వేశారు, అంత విజన్ ఉన్న మనిషి అని చెప్పింది. సోఫాలోంచి రుఖియా చూసింది. పెదవి కదిలింది. అంతలో లోపల్నుంచి పిలుపు వచ్చింది.

కాగితం తీసుకుని తిరిగొచ్చి, నిలబడే చదువుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది కాబట్టి నాకూ తెలిసింది. సీనియర్ టైలర్‌గా రెండేళ్లు పనిచేశారు. ప్రవర్తన సంతృప్తికరం.

మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. నాకు తొడిగిన కుర్తా చేతి దగ్గర కుట్టు ఊడి దారం వేలాడుతోంది. ఎర్రతాడు మీదుగా చెయ్యి చాపింది.

“మేడమ్, ముట్టుకోవద్దు” అన్నాడు సెక్యూరిటీ అతను. గట్టిగా కూడా అనలేదు. రోజూ అనేమాటే.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. అతని ముఖంలోకి చూసింది. నాదీ అంటుందనుకున్నాను. నేను పెట్టిన దుకాణమిది, నా చెయ్యి రంగు ఇది అంటుందనుకున్నాను.

“కుట్టు ఊడుతుంది అన్నా” అంది. “ఇయ్యాలనే కుట్టియ్యుండ్రి. లేకుంటే మొత్తం పోతది.”

చెప్తానన్నాడు. ఆమె గొడుగు తెరుచుకుని వానలోకి వెళ్లిపోయింది. అతను ఎవరికీ చెప్పలేదు. ఆ కుర్తా చెయ్యి ఇప్పుడు భుజం దాకా ఊడింది.