మస్తాన్‌బీ మోకాళ్ళ బిళ్ళలు

అల్లుణ్ణి తిట్టడానికి మస్తాన్‌బీకి ముహూర్తం అక్కర్లేదు. అందులోనూ సిలార్ లాంటి అల్లుడు దొరికాక ఏ అత్త నోరు మూసుకుంటుంది చెప్పండి? గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, నడుం పట్టేసిందని ఏవో నొప్పి బిళ్ళలు మొదలెట్టి, చివరికి అవి పడందే మంచం దిగలేని స్థితికొచ్చాడు. ఇప్పుడేమో వాటిని మానడానికి ఆసుపత్రికెళ్ళి రోజూ ఇంకో బిళ్ళ నాలిక కింద పెట్టించుకుంటున్నాడట. బిళ్ళ మానడానికి బిళ్ళేమిటి, మగాడన్నాక పళ్ళు బిగించి మానెయ్యాలి గానీ, అని ఆవిడ వాదన. ఈ వేషాలు కట్టిపెట్టకపోతే కూతురు షమీమ్‌ని తనతో సొంతూరు సత్తెనపల్లి తీసుకుపోతానని తెగేసి చెప్పింది. ఇప్పుడిప్పుడే మొగుడు మళ్ళీ పనికెళ్తున్నాడని, ఆ మందు చెడగొట్టొద్దని షమీమ్ కాళ్ళావేళ్ళా పడింది. వింటేగా ఆవిడ!

మర్నాడు డాక్టర్ని కడిగేద్దామని అల్లుడి వెంట ఆసుపత్రికి బయల్దేరింది. తీరా కడగడానికి ఒంట్లో ఓపికేదీ? ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకేయడం. తెచ్చుకున్న మోకాళ్ళ బిళ్ళలు మొన్ననే అయిపోయాయి. దానికి తోడు ఊరు మారి నీళ్ళు పడలేదనుకుంది.

నర్సు జయకుమారి తిట్లన్నీ ఓపిగ్గా విని, మోకాళ్ళకేం వాడుతున్నావమ్మా అనడిగింది. మళ్ళీ అవే కొనాలని దాచుకున్న ఖాళీ అట్ట తీసి బల్ల మీద పెట్టింది మస్తాన్‌బీ. అది చూడగానే సిలార్ కళ్ళు ఇంతయ్యాయి. నాలిక కింద మందు కరిగేదాకా నోరు తెరవొద్దని నర్సు వేలు చూపించింది. పాపం, బతుకులో ఒక్కసారి అత్తని అనే అవకాశమొస్తే నోరు మూసుకోవాల్సొచ్చింది.

"మీ అల్లుడు మింగినవీ ఇవేనమ్మా," అంది జయకుమారి.

"నావి నొప్పికి."

"ఆయన మొదలెట్టిందీ నొప్పికే."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. ఇది బుద్ధి చెడి వచ్చేది కాదని, రోగమని, డాక్టరు చూసి నయం చేస్తాడని నర్సు నచ్చజెబుతూనే ఉంది. మస్తాన్‌బీకి మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మూడోరోజుకే తనకి ప్రాణాలు తోడేస్తుంటే, ఇన్నాళ్ళూ ఈ పిల్లాడు ఎంత పడ్డాడో! షమీమ్ ఎక్కడికీ రాదు, నీ మందు నువ్వు వేసుకో అని గొణిగింది. సిలార్ లేచెళ్ళి ఆవిడకి టీ తెచ్చిచ్చాడు.

టీ సగంలోనే ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. ఊళ్ళో మిరప కోతల ముఠాకి మేస్త్రి తనే. చేలో దిగేముందు ముసలాళ్ళందరికీ, పనిలో చురుకొస్తుందని, తలా ఒక మోకాళ్ళ బిళ్ళ తన చేత్తోనే పంచేది. వెంటనే ముఠాలోని వీరమ్మకి ఫోన్ చేసింది.

అవతల వీరమ్మ ఆవలించి, ఎవరూ మంచాలు దిగలేదని చెప్పి, బిళ్ళలు తెస్తున్నావా మేస్త్రీ అనడిగింది.

"తేవట్లేదే," అంది మస్తాన్‌బీ. "ఆటో తెస్తున్నా. అందర్నీ ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకొస్తా. ఎందుకో దారిలో చెప్తాను, అప్పుడు తిట్టండి నన్ను."