గంటకో వేరే దారి

పిండిమర దాన్సోకి ఈ వయసులో కొమ్ములు మొలిచాయనీ, మేనకోడల్ని వెంటబెట్టుకుని పాటల మిషను బేరానికి పట్నం పోతున్నాడనీ గంజి అమ్మే ఫోసువా దర్జీతో అందట. దర్జీ ఆ మాటని కొలతలకొచ్చిన ప్రతివాళ్ల చెవిలోనూ వేశాడు. "ఇనపముక్క వాయించేవాడికి మిషనెందుకు? రేపు పిండిమరక్కూడా మైకు పెడతాడు చూస్తూ ఉండు" అని కూడా అందట.

ఆ మాట తనదాకా వచ్చేసరికి దాన్సో మర పళ్లేల మధ్య ఇరుక్కున్న మొక్కజొన్న పొట్టు గీకుతున్నాడు. విని నవ్వాడు. నవ్వితే కనుబొమల మీది పిండి రాలింది.

పొట్టి మనిషి. పాత తాఫో ఊళ్లో అతని ముఖం అసలు రంగు చాలామందికి తెలియదు. పొద్దున్న తెల్లగా ఉండేవాడు, పొద్దువాలే వేళకి ఇంకా తెల్లగా. ఎప్పుడూ మరకి ఒకే పక్కన నిలబడటంతో ఎడమచెవి మొద్దుబారింది. భార్య పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. నా అన్నది అక్క కూతురు అక్యా ఒక్కతే.

ఊరి అడోవా మేళంలో అతనిది గంట. అరటిపువ్వు డొప్పలా వంచిన ఇనుపరేకు. అరచేతిలో పడుకోబెట్టుకుని చిన్న కర్రతో కొట్టడమే. చావు దగ్గర డోళ్లు ఉరుముతుంటే ఆడవాళ్లు ఎర్రబట్టల్లో చేతులు తిప్పుతూ ఆడతారు. జనం డోళ్లవాళ్ల నుదుట నోట్లు అంటిస్తారు. గంటవాడి వైపు ఎవరూ చూడరు. మొదలు నుంచి చివరిదాకా అదే దరువు, దానిమీదే అందరి నడకా. చూడకపోవడమే దాన్సోకి హాయిగా ఉండేది.

ఈ ఏడు అతని మణికట్టు మాట వినడం మానేసింది. దరువు నడుమ ఒక దెబ్బ వెనకబడుతోంది. మేళంలో ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ గమనించలేదనే అనుకున్నాడు. గమనించేలోగా గౌరవంగా తప్పుకుందామనుకున్నాడు. ఇంతలో మేళం పెద్ద అదుసెయ్, "మనం ఒక్కొక్కళ్లమే రాలిపోకముందు పాట పట్టించి పెడదాం" అన్నాడు. అక్యా తన ఇంటి ముందుగదిలో చర్చివాళ్ల పాటలు రికార్డు చేస్తూ ఉంటుంది. ఆమె దగ్గరున్నది రెండు మైకుల పెట్టె. మేళమంతటికీ పెద్దది కావాలి.

చావుల దగ్గర తప్పిన దెబ్బ గాలిలో పోతుంది. రికార్డులో తప్పితే ఎన్నేళ్లయినా అలాగే ఉండిపోతుంది. దాన్సోకి రెండ్రోజులుగా తిండి సయించడం లేదు.

పెద్ద వస్తువు కొనేటప్పుడు మేనమామ పక్కనుండాలి కాబట్టి మర మూసి ఆమెతో వ్యానెక్కాడు.

పట్నంలో కెజెతియా సంత దగ్గర దుకాణంలో కుర్రవాడు బల్లంత మిక్సర్ని ముందుకు జరిపాడు. "ఇది చూడక్కా. పదహారు మైకులు పెట్టుకో. ఈ దీపాలు చూశావా? చర్చివాళ్లు గుమ్మంలోనే నోరెళ్లబెడతారు."

అక్యా కళ్లు ఆ దీపాల మీదే ఉన్నాయి. పక్కన బూడిదరంగులో ఇంకోటుంది, అన్నం డబ్బాలా. ఎనిమిది మైకులకే.

దాన్సో గొంతు సవరించుకున్నాడు. "బాబూ, అందర్నీ కలిపి పట్టాక, ఒకణ్ణి మళ్లీ తీసెయ్యొచ్చా?"

"ఎవర్ని తియ్యాలి పెద్దాయనా? అప్పులోణ్ణా?"

"ఎవరో ఒకర్ని. గంటనుకో."

కుర్రవాడు నవ్వాడు. జవాబు అక్యాయే చెప్పింది. "పెద్దదాన్లో కుదరదు మామయ్యా. ఎన్ని మైకులు పెట్టినా కంప్యూటర్లోకి పోయేటప్పటికి అన్నీ కలిసి రెండు పాయలైపోతాయి. ఈ చిన్నదాన్లో అయితే ఎవరి దారి వాళ్లదే. ఎవర్ని కావాలంటే వాళ్లని తగ్గించుకోవచ్చు."

మొక్కజొన్న, వేరుశనగ, సోయా వేయించి తెచ్చి పసిపిల్లల పిండి పట్టమంటారు. పట్టాక ఇక వేరుశనగని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు.

"అయితే చిన్నదే తీసుకో" అన్నాడు.

"చర్చివాళ్లు నవ్వుతారు మామయ్యా."

"నవ్వనీ."

అక్యా అతని ముఖంలోకి చూసింది. తను పుట్టి బుద్ధెరిగాక ఆయన తనని ఏదీ అడగలేదు. "ఇన్నాళ్లకి నీ గంట విడిగా వినాలనిపించిందా? సోకులెక్కువయ్యాయి నీకు" అని బూడిదరంగు పెట్టె కట్టించింది. దాన్సో కాదనలేదు.

మధ్యాహ్నం మేళం ముందుగదిలో కూర్చుంది. గంట మోత అన్ని మైకుల్లోకీ దూరుతుందని అక్యా మామయ్యని లోపలి గదిలో వంటగిన్నెల పక్కన కూర్చోబెట్టి, వినడానికి చెవులకి పెట్టుకునేది తగిలించి తలుపేసింది. గంట వినబడేలా మేళంవాళ్ల చెవులకీ అలాంటివే తగిలించింది. తలుపుకి పరుపు ఆనించింది. పెట్టె మీద ఒక మీట కింద కాగితం అంటించి 'గంట' అని రాసింది.

పాట నడుస్తుండగా మణికట్టు నాలుగైదుసార్లు మొండికేసింది. ప్రతిసారీ దాన్సో కళ్లు మూసుకున్నాడు. ఫరవాలేదు, ఇది తన దారిలోదే. వాళ్లకి అంటదు.

అయిపోయాక అక్యాని పక్కకి పిలిచాడు. "బాగోకపోతే నాది తీసెయ్. వాళ్లది చెడగొట్టకు."

"ముందు చేపముక్క తిను."

తిని, గంట అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి మరకి వెళ్లిపోయాడు. పొద్దువాలుతుంటే ఫోసువా మొక్కజొన్న గంపతో వచ్చింది.

"పాటగాడివయ్యావుగా, మా గింజలు కంటికానుతాయా?"

"నీ గంజి తాగితే గొంతెవడికి లేస్తుందే" అన్నాడు దాన్సో. ఆమె అతని వీపు మీద ఒకటి చరిచి పోయింది. పట్టిన పిండి గంపలో నింపి, మీద గుడ్డ కప్పి, నేల ఊడ్చి బస్తా మీద కూలబడ్డాడు.

తెల్లారి గంప కోసం వచ్చిన ఫోసువాకి అతను గోడకి తల ఆనించి కనిపించాడు. తమాషాకి కదిలించింది. కనుబొమల మీది పిండి రాలింది. మర చల్లగా ఉంది.

దాన్సో పోయిన వారానికి ఊరంతా కూర్చునే నాడు ఆ పాటే వేద్దామని అందరూ అక్యా గదిలో చేరి విన్నారు. చిన్నడోలు కుసి తల పట్టుకున్నాడు. "జనం మధ్య ఇలా తడబడే గంట వేస్తామా? దానికి వేరే దారుందిగా. తీసేసి మా తమ్ముడిచేత కొట్టించు."

మామయ్య మాట గుర్తొచ్చి అక్యా మీట కిందికి లాగింది. గంట, అవతలింట్లో ఎవరో వాయిస్తున్నంత సన్నబడిపోయింది. డోళ్లు, గొంతులు మిగిలాయి.

కాసేపు బాగానే నడిచాయి. ఉన్నట్టుండి ఒకచోట అన్నీ కలిసి ఆగాయి. రెప్పపాటే. మళ్లీ సాగాయి. ఇంకోచోట మళ్లీ. పెద్దడోలు, చిన్నడోలు, ఆడవాళ్ల ఊపిరి, అన్నీ దారిలో వెనకబడ్డ మనిషి కోసం నిలబడ్డట్టు.

అక్యా చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ఇదేంటి, మనమెందుకాగాం?" అన్నాడు కుసి.

అదుసెయ్ అతని వైపు తిరిగాడు. "ఏడాదిగా ఆగుతూనే ఉన్నాం. నువ్వూ ఆగుతున్నావు. వాణ్ణి తీసేస్తే నిన్నెక్కడ పెట్టమంటావురా?"

 కిటికీ గట్టు మీద గంట, దాని డొప్పలో కర్ర, కర్ర పట్టుకునేచోట ఇంకా పిండి.