రెండో ట్రే అక్క

ఆమె రెండో ట్రే మీద పచ్చగుడ్డ పరుస్తుంటే, అక్క మళ్లీ వేరు కాపురం పెట్టిందని మత్తు డాక్టరు నవ్వాడు. ఆమె పట్టకార్లు ఒక్కొక్కటీ వరసగా సర్దుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్ గదిలో నర్సుగా నిలబడినందుకు ఆమెకు దక్కిన బిరుదు ‘రెండో ట్రే అక్క’.

అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. కనుబొమల పైన ఎముకలో ఒక గాలిగది ఉంటుంది, దాని దారి ముక్కులోకి. మెదడు ఆపరేషన్‌కి ఎముక కోసినప్పుడు కొందరికి ఆ గది తెరుచుకుంటుంది. మూసేముందు దాని లోపలి పొరను పీలిక మిగలకుండా గీకెయ్యాలి, ముక్కుదారిని కండముక్కతో బిగించాలి, నెత్తి కింది పొరను తెచ్చి పైన కప్పి కుట్టాలి. సందు మిగిలిందా, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది, ముక్కులోని క్రిములు మెదడుకెక్కుతాయి. ఆ గదిని తాకిన పనిముట్టు మొదటి ట్రేకి తిరిగి రాకూడదని ఆమె పట్టు.

ఆవేళ బల్లమీద ఉన్నది ఒక పంతులమ్మ. చిన్న డాక్టరు గాలిగదిలో పెట్టిన పట్టకారుతోనే మెదడు పొరవైపు వంగాడు. ఆమె దాన్ని లాగేసుకుని, చేతొడుగులు కూడా మార్చుకోమంది. పెద్ద డాక్టరు తలెత్తకుండానే, అక్క చెప్పినట్టు చెయ్యమన్నాడు.

రెండు నెలల కిందట ఇదే బల్లమీద అక్క భర్తను మెదడు ఆపరేషన్‌కి పడుకోబెట్టారు. అయినవాళ్లు లోపల ఉండకూడదని నియమం కాబట్టి ఆమె బయట బెంచీమీద కూర్చుంది. ఆయన టైలరు. ఇంటికొచ్చాక అద్దంలో తల చూసుకుని, “నలభై కుట్లలో ఒక్కటీ వరసలో లేదే. నా కొట్లో అయితే విప్పించి మళ్లీ కుట్టించేవాణ్ణి,” అన్నాడు. నవ్వాడు గాని, కాసేపటికి మెల్లగా, “నన్ను మాత్రం మళ్లీ ఆ బల్ల ఎక్కించకు,” అన్నాడు.

ఆవేళ పొద్దున ఆయన తల పగిలిపోతోందన్నాడు, జలుబు వదలడం లేదన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆమె చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ ఆయన మెడ తాకి చూసింది, కాస్త వెచ్చగా ఉంది. “జలుబేలెండి, ఆవిరి పట్టండి,” అని గడప దాటింది. వంగితే ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయా, ఉప్పగా ఉన్నాయా అని ఇంటికి వెళ్లే ప్రతి రోగినీ అడుగుతుంది. సొంత మొగుణ్ణి అడగడం తోచలేదు. ఇంట్లో ఆమె సిస్టరు కాదు, పెళ్లాం.

పంతులమ్మ తలకు కట్టు కడుతుండగా పక్కింటావిడ ఫోన్ చేసింది. ఆయన మెడ వంచలేకపోతున్నాడట, ఏవేవో మాట్లాడుతున్నాడట.

ఆసుపత్రికి తెచ్చేసరికి ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. చెయ్యి చాచి ఆమె భుజాన్ని జానతో కొలిచి, “పదిహేను, రాసుకో,” అన్నాడు. పెద్ద డాక్టరు ఆయన్ని లేపి కూర్చోబెట్టి ముందుకు వంచాడు. ముక్కు కొసన ఒక చుక్క నిలిచింది, మంచినీళ్లంత తేటగా.

“పొద్దున జలుబే అన్నాను సార్,” అంది ఆమె.

మూడో రోజు, పగటి డ్యూటీవాళ్లు వచ్చి రాత్రివాళ్లు సంచులు సర్దుకుంటున్న వేళ, ఆయన ఊపిరి ఆగింది. తొమ్మిదో రోజున పంతులమ్మ తన కాళ్లమీద తాను నడిచి ఇంటికి వెళ్లింది. ఆమె ముక్కు పొడిగానే ఉంది.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం అక్క ఆయన కుట్టుమిషను తుడుస్తూ దాని సొరుగు లాగింది. లోపల తెల్ల లైనింగు ముక్కలు, పదిహేను దాకా, ఉండలు చుట్టి కుక్కి ఉన్నాయి. చీమిడి తుడిచిన గుడ్డ ఆరితే అట్టకడుతుంది, మెదడు నీరు తుడిచిన గుడ్డ కట్టదు. కొత్త సిస్టర్లకు ఆమె నేర్పే మొదటి పాఠమే అది. నేలమీద కూర్చుని ఒక్కొక్క ముక్కనూ విప్పి, వేళ్ల మధ్య నలిపి చూసింది. అన్నీ అప్పుడే తానులోంచి కత్తిరించినంత మెత్తగా ఉన్నాయి.