ఖాళీ పళ్లెం

తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. నాకు రెండూ ఉన్నాయి. అయినా ఆ రోజు మా ఆడపడుచు ఇంట్లో ఎవరేమన్నా నోరెత్తనని మా ఆయనకు మాటిచ్చాను. సెలవుల్లో అందరం కలిసి భోంచేసేది ఏడాదికి ఆ ఒక్క పూటే. ఆ పూటైనా ఆయన తృప్తిగా తినాలని నా పట్టుదల.

ఆయనకు షుగర్. భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటారు. సొంత దుకాణంలో కళ్లద్దాలు కొలతకు అరగదీసే పని కాబట్టి తిండి దగ్గర కూడా అదే కొలత చూపు. బల్ల మీదున్నవన్నీ ఓసారి చూసి, ఏది ఎంత తినాలో ముందే అనుకుంటారు. తినబోయేదానికి సరిపడా సూది వేసుకుంటారు. ఆ తర్వాత అనుకున్నది అనుకున్నట్టు, నెమ్మదిగా, ఇష్టంగా తింటారు. ఆయన తింటుంటే చూసేవాళ్లకు ఆకలేస్తుంది.

ఆ రోజు అన్నం, వేయించిన కోడి, బంగాళదుంపలు, భోజనంతోపాటు చిన్న గ్లాసుడు వైన్ అనుకున్నారు. వెనకగదిలో సూది వేసుకుని వచ్చి, వడ్డించుకుని కూర్చున్నారు. కోడి రెండో వాయి దించడానికి నేను వంటగదిలోకి వెళ్లాను.

మా ఆడపడుచు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఆమె బడి మానేసినా బడి ఆమెను మానలేదు. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే ఆ పూట ఇంట్లో చక్కెర గింజ లేకుండా చేసింది. కూల్‌డ్రింకులు చక్కెర లేనివి, తీపి వంటకాలు చక్కెరకు బదులు వేసే తీపి బిళ్లలతో చేసినవి. పళ్లు కూడా కొననివ్వలేదట. ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పింది. సూది సంగతి మాత్రం ఆమెకు మేం చెప్పలేదు. చెబితే పాఠం మొదలవుతుందని మా భయం.

నేను తిరిగొచ్చేసరికి ఆయన పళ్లెం ఖాళీ. గ్లాసూ ఖాళీ. హమ్మయ్య, తిన్నారు అనుకున్నాను. ఆయన అంత తొందరగా ఎన్నడూ తినరు. నాకది తట్టాలి, తట్టలేదు.

కాసేపటికి ఫ్యాను ఎవరు ఆపారని మా అమ్మాయి మీద విరుచుకుపడ్డారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, అందరి ముందూ చిన్నబోయింది. మంచినీళ్ల కోసం ఆయన చాచిన చెయ్యి వణికి, గ్లాసు దొర్లి కిందపడింది.

"ఏం బామ్మర్దీ, ఒక్క గ్లాసుకేనా?" అని మా ఆడపడుచు భర్త నవ్వాడు.

ఆమె నవ్వలేదు. వైన్ గ్లాసు వాసన చూసి, ఇది ఒక్కటి కాదు, చాటుగా ఇంకా తాగాడని తేల్చేసింది. నాకూ ఒళ్లు మండింది. నా నోరు కట్టేయించి ఈయన చేసే పని ఇదా అనుకుని, దగ్గరికి వంగి, ఎన్ని తాగారని పళ్లు బిగబట్టి అడిగాను.

ఆయన నావైపు చూశారు. మాట ముద్దముద్దగా వచ్చింది. "దుకాణం తాళం వేశావా?"

మెడ మీద చెయ్యి వేశాను. చల్లగా, తడిగా ఉంది. ఇది తాగిన మనిషి చెమట కాదు. షుగర్ పడిపోతోంది.

"ఈయన ఏం తిన్నారు?" అన్నాను. "ఏం తిన్నారో చూసినవాళ్లు చెప్పండి."

అన్నం తనే తీసేసి కీరా ముక్కలు వేశానంది మా ఆడపడుచు. బంగాళదుంపలు తన పళ్లెంలోకి తీసుకున్నానని అమ్మాయి. నూనె ఓడుతోందని కోడి ముక్కలు తనే లాగించానని ఆడపడుచు భర్త. ఎవరికి వాళ్లు తామొక్కరే ఒక్కటి తీశామనుకున్నారు. కంచే చేను మేయడమంటే ఇదే. మా ఆయన అక్క మాట కాదనలేక, సూది సంగతి చెప్పలేక, కీరా ముక్కలు నమిలి ఊరుకున్నారు.

"వదినా, తినబోయేదానికి ఆయన సూది వేసుకున్నారు. మీరు తిండి తీసేశారు. ఇప్పుడు సూదిని తీయగలరా?"

నేను ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. ఇలాంటప్పటికని అందులో ఎప్పుడూ చిన్న ప్లాస్టిక్ చక్కెర పొట్లాలుంటాయి. జేబులో ఏమీ లేదు.

"నేనే తీశానమ్మా," అంది అమ్మాయి. "అవెందుకో తెలీక, నాన్న దొంగచాటుగా తింటున్నారనుకున్నా. చెత్తబుట్టలో పడేశా."

బుట్ట తెచ్చి నేల మీద బోర్లించాను. బొమికలు, తొక్కలు, తడిసిన టీ పొడి. నేనూ అమ్మాయీ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో కెలికాం. ఆడపడుచు భర్త ఫోన్లో అంబులెన్సుకు ఇంటి గుర్తులు చెబుతున్నాడు, చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. పొట్లాలు ఒక్కొక్కటే దొరికాయి. అమ్మాయి పళ్లతో చింపి నీళ్లలో పోసింది. చెంచాతో కలిపే ఓపిక లేక నేను వేలితోనే కలిపాను.

ఆయన నోరు తెరవలేదు. నా చేతిని తోసేశారు. మగతగా కళ్లు వాలుతున్నాయి. ఇక స్పృహ తప్పితే నోట్లో చుక్క కూడా పోయకూడదు. ఈ మనిషి నాకు దక్కడేమో అనిపించింది.

అప్పుడు మా ఆడపడుచు ఆయన ముందు నేల మీద కూలబడింది. బడంతటినీ వణికించిన గొంతు అది. ఇప్పుడు అదే వణుకుతోంది.

"తమ్ముడూ, ఒక్క గుక్క. నాకోసం రా."

పెదవులు కదిలాయి. ఒక గుక్క దిగింది. ఆగి ఇంకొకటి. గ్లాసు ఖాళీ అయింది. నెమ్మదిగా చెమట ఆగింది. కళ్లు మమ్మల్ని గుర్తుపట్టాయి.

"అందరూ కింద కూర్చున్నారేంటి?" అన్నారు.

అమ్మాయి భోరుమంది. అంబులెన్సులో వచ్చినవాళ్లు వేలు గుచ్చి షుగర్ చూసి, గండం గడిచింది, వెంటనే భోజనం పెట్టండి, తిన్నాక మళ్లీ చూస్తామన్నారు.

మా ఆడపడుచు కొత్త పళ్లెం పెట్టింది. భయంతో అన్నం కుప్ప పోసింది. దాని మీద కోడి, పక్కన బంగాళదుంపలు, ఇంకా వేస్తూనే ఉంది. ఆయన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలక్కా. ఎంత తినాలో నాకు తెలుసు."

ఆమె గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన కావలసినంత ఉంచుకుని మిగతాది తీసేయించి, మొదటి ముద్ద కలుపుకున్నారు. ఎప్పటిలాగే నెమ్మదిగా, ఇష్టంగా తిన్నారు. మేమెవరం ఆ పళ్లెం వంక చూడలేకపోయాం. మిగిలిన ఒక్క చక్కెర పొట్లాన్ని అమ్మాయి కడిగి, పైటకొంగుతో తుడిచి నాన్న జేబులో పెట్టింది. ఆయన తినడం అయ్యేదాకా ఆ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.