ష్రాయర్ల గేటు దగ్గర ఆగని ట్రాము

హార్‌గ్రోవ్ హైట్స్ కొండమీదికి మొదటి ట్రాము నడిపింది నేనే. అంతకుముందు సిన్సినాటి నుంచి అక్కడికి గుర్రబ్బండి తప్ప మరో దిక్కు లేదు. లూషియస్ హార్‌గ్రోవ్ కొండంతా కొని, స్థలాలుగా విడగొట్టి, కరెంటు ట్రాము వేయించి, వెడల్పాటి వసారాలతో ఇళ్లు కట్టి అమ్మాడు. పట్టాలు పైకెక్కడానికి దగ్గర దారి ఆంటన్ ష్రాయర్ కూరగాయల తోటలోంచే.

ఆ జర్మను ముసలాయన పెద్దగా బేరమాడలేదు. పొద్దుటి ట్రాము తన గేటు దగ్గర ఆగాలన్నాడు, అంతే. కాగితం మీద రాయించుకున్నాడు కూడా: గేటు దగ్గర మనిషి చెయ్యెత్తి నిలబడినా వరసగా ముప్పై రోజులు ట్రాము ఆగకపోతే ఆ నేల తిరిగి ష్రాయర్లది. హార్‌గ్రోవ్ నవ్వుకుంటూ సంతకం పెట్టాడు.

రెండేళ్లు రోజూ అక్కడ ఆపాను. ఆంటన్ ట్రాము వెనక మెట్టు దగ్గర రెండు బుట్టలు పెట్టుకుని బజారుకి వచ్చేవాడు. కొత్తగా చేరిన ఇళ్లవాళ్లకి ఉల్లి వాసన పడలేదు. గౌన్లకి బురద అంటుతోందన్నారు. 1897 జనవరిలో ఆ గేటు దగ్గర ఆపొద్దని ఆర్డరొచ్చింది. ఇదేమిటని పైవాణ్ణి అడిగితే, నా ఉద్యోగం కోసం నలుగురు బయట నిలబడి ఉన్నారన్నాడు. నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరిలో దారంతా గడ్డకట్టిన ఒక పొద్దున ఆంటన్ బుట్టలతో నిలబడి చెయ్యెత్తాడు. నేను తిన్నగా ముందుకే చూశాను. ఆయన నడక మొదలుపెట్టాడు. పల్లంలో జారిపడి తుంటి విరిగి, పాలబండివాడు చూసేదాకా మంచులోనే పడి ఉన్నాడు. పది రోజులకి ఊపిరితిత్తులు చెడి కన్నుమూశాడు. అంత్యక్రియలకి వెళ్లి వెనక నిలబడ్డాను. ఆయన కూతురు హెడ్విగ్ నన్ను చూసింది. నలభై ఏళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు, తోటపనితో మొరటుబారిన చేతులు.

మర్నాటి నుంచి నల్లబట్టల్లో ఆమె గేటు దగ్గర నిలబడి చెయ్యెత్తడం మొదలుపెట్టింది. పక్కన కుర్చీలో పాస్టరు గారు, ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. దుఃఖంతో మతి చెదిరిందనుకున్నాను. ట్రాములో వాళ్లు నవ్వుకునేవాళ్లు. వాన పడినా ఆమె అక్కడే.

ఇరవై ఎనిమిదో రోజున నావల్ల కాలేదు. బ్రేకు మీద చెయ్యి వేశాను. ట్రాము నెమ్మదించింది. ఆమె ఎత్తిన చెయ్యి దించకుండానే నా పక్కన నడిచింది.

"ఆపకు, ఓటిస్."

"ఎక్కండమ్మా. ఉద్యోగం పోతే పోయింది."

"మా నాన్నకి ఆపలేదు, నాకెందుకు ఆపుతావు? ఇంకా రెండు రోజులుంది. పోనియ్."

అప్పటికి గాని ఆ ముప్పై రోజుల కాగితం సంగతి నా బుర్రకెక్కలేదు. బ్రేకు వదిలేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఒకటో రోజు మలుపు తిరిగేసరికి పట్టాలకడ్డంగా కంచె. దాని వెనక హెడ్విగ్, ఆమె తమ్ముడు ఎమిల్ పట్టాల మధ్య క్యాబేజీ నారు నాటుతున్నారు. ట్రాములో జనమంతా బురదలోకి దిగారు.

హార్‌గ్రోవ్ బగ్గీలో వచ్చాడు.

"ఏమ్మా, ఈ తమాషా ఆపడానికి ఎంత కావాలి?"

ఆమె నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది.

"మా నాన్న బుట్టలు వసారాలో ఉన్నాయి. రెండూ మోసుకుంటూ బజారుదాకా నడువు. తర్వాత మాట్లాడదాం."

అతను పకపకా నవ్వి కోర్టుకెక్కాడు. కోర్టు అక్టోబరు దాకా సాగింది. ఆ ఎండాకాలమంతా కొండమీది జనం ట్రాము లేక కొండ కిందిదాకా మైలు దూరం ఎక్కుతూ దిగుతూ ఆమెను తిట్టుకున్నారు. కుంటి కాలున్న మిస్ టాల్మడ్జ్ అనే పంతులమ్మ నడవలేక బడి ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయింది. ఆవిడ ఏనాడూ ఉల్లి వాసన ఊసెత్తలేదు. ఆ మాటే హెడ్విగ్‌తో అన్నాను. కాసేపు కలుపు తీయడం ఆపింది. మళ్లీ తీయడం మొదలుపెట్టింది.

ఇళ్లు కొనేవాళ్లు లేక బోసిపోయాయి. జడ్జి ఆ కాగితం రెండుసార్లు చదివి, నేల ష్రాయర్లదేనన్నాడు.

నవంబరులో ఒక పొద్దున హార్‌గ్రోవ్ కాలినడకన వచ్చాడు. హెడ్విగ్ బుట్టలనిండా క్యాబేజీలు పేర్చి ఉంచింది. ఎత్తుకున్నాడు. బజారుదాకా మూడు మైళ్లూ ఆమె అతని వెనకే నడిచింది, ఎమిల్, నేను ఆమె వెనక. దారి పక్క ఇళ్ల జనం వసారాల్లోకి వచ్చి చూశారు. పల్లంలో మోకాలి మీద పడ్డాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

బజారులో బుట్టలు దించేసరికి అతని అరచేతులు చీరుకుపోయాయి.

"ఇప్పుడు మాట్లాడుకుందామా?" అన్నాడు.

"మాట్లాడేశాం కదా. మోయమన్నాను, మోశావు. నేల ఇస్తానని ఎప్పుడన్నాను?"

క్రిస్మసు నాటికి కొండ చేతులు మారింది. అతను ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు.

కొత్తవాళ్లు ఉత్తరం వైపు నుంచి చుట్టూ తిప్పి పట్టాలు వేశారు. ఆ లైను అంత వంకరగా ఎందుకుందో ఇప్పటివాళ్లకి తెలియదు, ఇంజనీరు తాగి ఉన్నాడంటారు.

పాత లైను మూతపడి పోయిన ఉద్యోగం నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ష్రాయర్ల తోటలోనే కూలికి చేరాను. ఒకరోజు క్యారెట్లు కడుగుతుంటే హెడ్విగ్‌ని అడిగేశాను, నన్ను క్షమించిందా అని.

"లేదు," అంది. నీళ్లు పారబోసి తొట్టి బోర్లించింది. "రేపు తెల్లారేసరికి రా. బీట్‌రూట్ తవ్వాలి."

వెళ్లాను.