తేడా లేని రంగు

కార్లకు రంగు కొట్టడంలో మేస్త్రీ తర్వాతే ఎవరైనా. అతను రంగు మార్చిన కారును సొంతదారే పోల్చుకోలేక, దానికే ఆనుకుని నిలబడి, పోలీసులకు దొంగతనం ఫిర్యాదు ఇచ్చాడట! ఆకాశానికి గీత పడినా రంగు కొట్టమని కబురు తనకే వస్తుందని మేస్త్రీ కోతలు కోస్తుంటే, భార్య మూతి తిప్పేది.

"నిచ్చెన వాళ్లిస్తారా, నువ్వే తెచ్చుకోవాలా? కనుక్కున్నావా?"

ముప్పై ఏళ్లు అతను ముక్కుకు గుడ్డ కట్టలేదు. రంగులో కలిపే థిన్నర్ కల్తీదైతే వాసనతోనే పట్టేసేవాడు మరి. ముక్కు మూసుకుంటే ఎలా?

ఈ ఏడాది కోతలు ఆగిపోయాయి. కథ మొదలుపెట్టి, సగంలో ఆగి, భార్య ముఖంలోకి చూసేవాడు. మిగతా సగం ఆవిడే అందించేది.

డాక్టరమ్మ ఇద్దరికీ అతని మెదడు స్కానింగ్ బొమ్మ చూపించింది. రక్తం బాగా పారేచోట ఎరుపు, పారనిచోట నీలం. నుదుటి వెనకంతా నీలమే.

"ఎవడు కొట్టాడమ్మా ఈ రంగు? అంతా మచ్చలే," అన్నాడు మేస్త్రీ.

డాక్టరమ్మ నవ్వబోయి ఆగి, భార్య వైపు తిరిగింది. "ఇన్నేళ్లు థిన్నర్ ఆవిరి పీల్చారు. అక్కడికి రక్తం సరిగా అందట్లేదు. ఆ పని మాన్పించండమ్మా. పోయింది తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను."

షెడ్డు యజమాని మంచివాడే. "స్ప్రే గన్ను పట్టక్కర్లేదు వదినా. కుర్చీలో కూర్చుని మిగతావాళ్ల తప్పులు పట్టుకుంటే చాలు. ముందు ఒక్కసారి ఈ కారు తలుపుకి కొట్టి చూపించమను," అన్నాడు.

ఆవిడకు జీతం మీద ధ్యాస లేదు. మనిషి ఇంకా లోపల ఉన్నాడని ఎవరో ఒకరు చెప్పాలి, అంతే. తనే అతని ముక్కుకు మాస్కు కట్టి, తలుపు ముందు నిలబెట్టింది.

మేస్త్రీ మూడు డబ్బాల్లోంచి చుక్క చుక్క రంగు కలిపి, గీతలు పడ్డచోట కొట్టాడు. చెయ్యి వణకలేదు. పాత ఆకుపచ్చ ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో భూతద్దం పెట్టినా దొరకదు. కానీ కొట్టేముందు అద్దానికి కాగితం అంటించలేదు. పనిలో చేరిన మొదటి రోజే నేర్పే పని అది. అద్దం, పిడి, రబ్బరు, అన్నిటి మీదా అదే ఆకుపచ్చ.

యజమాని అద్దం వంక ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

మేస్త్రీ మాస్కు కిందికి లాగాడు. "చూశావుటే? వెంట్రుకవాసి తేడా లేదు!"

"లేదయ్యా," అంది భార్య. గుడ్డ మీద థిన్నర్ పోసి అద్దం తుడవసాగింది.

"పక్కకు జరుగు, ఆ ఘాటు నీకు పడదు." గుడ్డ లాక్కున్నాడు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అద్దం వంక చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఏ వెధవ పనే ఇది? కాగితం అంటించాలని కూడా తెలీదా వాడికి?"

ఆవిడ థిన్నర్ డబ్బాకు మూత బిగించింది. "ఎవడో కొత్తవాడయ్యా."

"కొత్తేంటి, పాతేంటి? వాణ్ణి ఇప్పుడే ఇంటికి పంపెయ్యమను."

"పంపేశారులే," అంది ఆవిడ. చెయ్యి పట్టుకుని అతన్ని గేటు వైపు నడిపించింది.